వంకర గీత రానితనం కాదు

“బొమ్మంటే చూడగానే తెలిసిపోవాలి. మనిషి మనిషిలా, చెట్టు చెట్టులా ఉండాలి. చెయ్యి తిరగనివాళ్ళే కన్నొక చోటా ముక్కొక చోటా గీసి, ఇదేమిటని అడిగితే ఆధునికం అంటారు.” ఈ మాట మన మధ్య ఎంతగా పాతుకుపోయిందంటే, ఇది కేవలం ఒక అభిప్రాయమేనన్న సంగతి కూడా చాలామందికి తోచదు. వచన కవితను, చైతన్య స్రవంతి నవలను ఆదరించిన సాహిత్యాభిమానులు సైతం బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఇదే అంటారు. బొమ్మలు నేర్పే మాస్టార్లూ అంటారు. దీని వెనకాలే ఇంకో మాట వస్తుంది: ఈ వంకరంతా పడమటి నుంచి దిగుమతైంది, ఉన్నది ఉన్నట్టు అందంగా చూపించడమే మన సంప్రదాయం.

రెండూ తప్పే. మొదటిది కళ గురించి తప్పు, రెండోది చరిత్ర గురించి తప్పు. చరిత్రతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మొదటి తప్పు ఇన్నాళ్ళు నిలబడింది రెండోదాని అండతోనే.

మన ఇళ్ళ గోడల మీది సరస్వతిని, లక్ష్మిని తలుచుకోండి. గుండ్రటి చేతులు, మడత మడతకీ నీడ పడిన చీర, వెనక దూరంగా పలచబడుతున్న కొండలు. ఈ రూపం వేల ఏళ్ళది కాదు. దీన్ని మనకిచ్చినవాడు రాజా రవివర్మ. 1848లో పుట్టి 1906లో పోయాడు. 1894లో ఆయన బొంబాయిలో లిథోగ్రాఫ్ అచ్చు యంత్రాలు పెట్టించాక ఆయన దేవతలు ఊరూరికీ చేరారు. ఆయన వాడిన నూనెరంగులు, వెలుగునీడల పద్ధతి, దూరమయ్యేకొద్దీ వస్తువు చిన్నదయ్యే పర్‌స్పెక్టివ్ లెక్క, అన్నీ ఐరోపా చిత్రశాలల నుంచి వచ్చినవే. రవివర్మను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అంతవరకూ మన దగ్గర ఉన్న చిత్ర మర్యాదను కాదని, పురాణపాత్రలకు రక్తమాంసాలున్న శరీరాలనూ ఎదురుగా నిలబడగల బరువునూ ఇచ్చిన సాహసి ఆయన. అందుకే ఆనాడు ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత లాంటివాళ్ళు ఆయన బొమ్మల్లో భారతీయత లేదని తప్పుపట్టారు. ఒకప్పుడు సంప్రదాయ విరుద్ధం అనిపించుకున్న ఆ బొమ్మనే చూపించి, ఇవాళ ఇదే సంప్రదాయం, దీన్ని దాటకూడదు అంటున్నాం.

మరి అంతకుముందు ఏముండేది? లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు వేసిన మనుషుల్లో చాలామంది పక్కకు తిరిగే ఉంటారు. వాళ్ళకు నేల మీద నీడ పడదు. వాళ్ళ వెనక దూరం అనేది ఉండదు. చీరల మీది అల్లికలను మాత్రం ఎంత శ్రద్ధగా వేశారంటే, కథకన్నా ముందు కన్ను అక్కడికే పోతుంది. చేర్యాల నకాషీ పటంలో నేపథ్యమంతా ఎర్రరంగు. ఆకాశం అలా ఉంటుందని ఏ నకాషీ కళాకారుడూ అనుకోలేదు. ఒకే పటంలో ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు, ఎందుకంటే కథ చెప్పేవాడు పటాన్ని విప్పుకుంటూ పోతుంటే కాలం కూడా దానితోపాటు విప్పుకుంటుంది. తోలుబొమ్మలో ముఖం పక్కకు, భుజాలు మనవైపుకు. చిత్రకళ గురించి మనకున్న పాత శాస్త్రాల్లో పేరున్న చిత్రసూత్రం, విష్ణుధర్మోత్తర పురాణంలోనిది, కంటికి చెప్పిన ఆకారాల్లో విల్లు, చేప పొట్ట, కలువ రేకు, తామర రేకు ఉన్నాయి. నాట్యం తెలియనివాడికి చిత్రం తెలియదని కూడా ఆ గ్రంథమే అంటుంది. అంటే వాళ్ళ దృష్టిలో బొమ్మకు దగ్గరి చుట్టం అద్దం కాదు, అభినయం.

ఇంకా దగ్గరి సాక్ష్యం బాపు. ఏళ్ళ తరబడి మన వారపత్రికల్లో, పుస్తకాల అట్టల మీద ఆయన గీసిన ఆడపిల్ల ఎవరి ఇంట్లో ఉంది? ఆ కళ్ళంత పెద్ద కళ్ళు మనుషులకుండవు. ఆ నడుము వంపు ఎముకలున్న శరీరానికి సాధ్యం కాదు. చాలా బొమ్మల్లో నీడన్నదే లేదు. గీత ఒకచోట మొదలై, సగంలో ఆగి, మిగతాది మన కంటికి వదిలేస్తుంది. ఆ బొమ్మను చూసి ఇది ఉన్నది ఉన్నట్టు లేదని ఒక్క తెలుగువాడూ ఫిర్యాదు చేయలేదు. అంటే మనకు గీత వంగడంతో పేచీ లేదు. అలవాటైన వంపు అయితే చాలు. అలవాటు కానిది ఎదురైనప్పుడే ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న సూత్రం గుర్తొస్తుంది.

ఇక చెయ్యి తిరగనితనం సంగతి. ఈ ఆరోపణ చేసేవాళ్ళు ఒక్కసారైనా ఆధునిక చిత్రకారుల తొలి బొమ్మలు చూసి ఉండాల్సింది. పికాసో తండ్రి డ్రాయింగ్ మాస్టారు. 1897లో, పదహారేళ్ళు కూడా నిండకుండానే, పికాసో ‘సైన్స్ అండ్ ఛారిటీ’ అనే పెద్ద తైలవర్ణ చిత్రం వేశాడు. మంచం పట్టిన రోగి, నాడి చూస్తున్న డాక్టరు, బిడ్డనెత్తుకుని పక్కన నిలబడ్డ సన్యాసిని. ‘ఉన్నది ఉన్నట్టు’ పరీక్ష పెడితే నూటికి నూరు మార్కులు వచ్చే బొమ్మ అది. అమృతా షేర్‌గిల్ పారిస్‌లోని ఎకోల్ దే బోజార్‌లో చదివింది. 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’కు అక్కడి గ్రాండ్ సలోన్ చిత్రప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. వీళ్ళకు నియమం రాక దాన్ని వదల్లేదు. నియమం పూర్తిగా చేతికొచ్చాకే, తాము చెప్పదలుచుకున్నది అందులో పట్టడం లేదని తెలుసుకున్నారు.

ఇక్కడ ఎదుటివాళ్ళు ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు. “సరే, వాళ్ళకు వచ్చు. వచ్చినవాళ్ళు ఎందుకు చెడగొట్టుకోవాలి? మామూలుగా వేసి ఆ అర్థమే చెప్పకూడదా?” వాదనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నా జవాబు, చెప్పకూడదు అని కాదు, చెప్పలేం అని. ఎందుకో ఒక బొమ్మను పట్టుకుని నిదానంగా చూద్దాం.

1863లో పారిస్ సలోన్‌లో కబనెల్ అనే చిత్రకారుడి ‘వీనస్ జననం’ ప్రదర్శించారు. అలల మీద వెల్లకిలా పడుకున్న నగ్న దేవత. మెత్తటి చర్మం, అరమోడ్పు కళ్ళు, పైన ఎగురుతున్న పసి దేవతలు. మూడో నెపోలియన్ చక్రవర్తి దాన్ని కొన్నాడు. అదే ఏడాది ఎడ్వార్డ్ మానే ‘ఒలింపియా’ వేశాడు. అది 1865లో సలోన్‌కు వచ్చింది. అదీ పడుకున్న నగ్న స్త్రీ బొమ్మే. జనం మండిపడ్డారు, పగలబడి నవ్వారు. ఎవరైనా దాడి చేస్తారేమోనని కాపలా పెట్టాల్సి వచ్చింది. చివరికి అందనంత ఎత్తున వేలాడదీశారు. నగ్నత్వం తప్పయితే చక్రవర్తి కొన్న బొమ్మ సంగతేమిటి? కాబట్టి గొడవ నగ్నత్వం గురించి కాదు.

మానే ఆ బొమ్మను ఎక్కడి నుంచి ఎత్తుకున్నాడో చూసినవాళ్ళకు తెలుసు. వెనిస్ చిత్రకారుడు టిషియన్ 1538లో వేసిన ‘ఉర్బీనో వీనస్’ భంగిమ అది. యువకుడిగా ఫ్లారెన్స్ వెళ్ళి మానే దానికి నకలు కూడా వేశాడు. టిషియన్ దేవత పాదాల దగ్గర కుక్కపిల్ల నిద్రపోతుంటుంది, మానే అక్కడ వెన్ను పైకి లేపిన నల్లపిల్లిని పెట్టాడు. టిషియన్ దేవత చెయ్యి మెత్తగా వాలి ఉంటుంది, ఒలింపియా చెయ్యి తొడ మీద గట్టిగా అదిమి ఉంటుంది. మెడలో నల్ల రిబ్బను, కాలికి చెప్పు. వెనక నల్లజాతి పనిమనిషి ఎవరో పంపిన పూలగుత్తి తెచ్చింది. ఒలింపియా అన్నది ఆనాటి పారిస్‌లో వేశ్యలు పెట్టుకునే పేరని చూసినవాళ్ళందరికీ తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం వెలుగు. సలోన్ పద్ధతిలో వెలుగు నుంచి నీడలోకి శరీరం మెల్లగా గుండ్రమవుతుంది. మానే ఆ మధ్య మెట్లన్నీ తీసేశాడు. వెలుగు ఎదురుగా వచ్చి పడుతుంది, శరీరం అంచున ముదురు గీత. ఆ స్త్రీ దేవత అయ్యే దారి మూసుకుపోయింది. ఆమె చూసేవాడినే సూటిగా చూస్తోంది. పూలు పంపినవాడు ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఆ బొమ్మ ముందు నిలబడ్డ పెద్దమనిషే.

ఇప్పుడు ఇదే విషయాన్ని కబనెల్ పద్ధతిలో వేసి చూడండి. మెత్తటి నీడలు పెట్టండి, చూపు వాల్చండి. విషయం మారదు, అర్థం మాయమవుతుంది. చూసేవాడు మళ్ళీ దాక్కుంటాడు. ఆ నియమాలే అతన్ని అంతకాలం దాచిపెట్టాయి. అతన్ని బయటికి లాగాలంటే వాటిని తెంచక తప్పదు. ఇంకో సంగతి: టిషియన్ వీనస్‌ను ఎరగనివాడికి ఒలింపియా అంతగా తగలదు. నియమాన్ని మరిచిపోయినచోట దాన్ని ఉల్లంఘించడానికి అర్థమే లేదు. కాబట్టి గీత దాటినవాడు సంప్రదాయాన్ని నాశనం చేశాడన్న మాటలో నిజం లేదు. చూసేవాడి జ్ఞాపకంలో సంప్రదాయం బతికి ఉంటేనే అతని బొమ్మ పలుకుతుంది.

మన దగ్గరికి వద్దాం. అమృతా షేర్‌గిల్ 1934లో పారిస్ నుంచి తిరిగొచ్చింది. అజంతా చూసింది, కేరళ కుడ్యచిత్రాలు చూసింది. 1937లో దక్షిణాది త్రయమని పేరుపడ్డ మూడు బొమ్మలు వేసింది: పెళ్ళికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకు పోతున్న పల్లెజనం. అప్పటికి భారతదేశాన్ని చూపించే బొమ్మలకు ఒక వాడుక ఏర్పడింది. ఎర్రటి ఎండ, ముచ్చటైన తలపాగాలు, నవ్వుతున్న పల్లె పడుచులు. బెంగాల్ చిత్రకారుల దగ్గరైతే పొగమంచులో కరిగిపోయే పురాణ నాయికలు. షేర్‌గిల్ తనకు పతకం తెచ్చిన వెలుగునీడల నైపుణ్యాన్ని పక్కన పెట్టింది. ఆకారాలను చదును చేసింది, ముదురు రంగుల పెద్ద పెద్ద ముక్కలుగా శరీరాలను నిలబెట్టింది. ఆ మనుషులు నవ్వరు. మన మెప్పు అడగరు. పెళ్ళికూతురిని ముస్తాబు చేస్తున్నచోట సందడి లేదు, ఎవరి మౌనంలో వాళ్ళున్నారు. పెళ్ళంటే వేడుక అని మాత్రమే చూపించే బొమ్మల మధ్య ఆ మౌనం పెళ్ళికూతురి గురించి ఎంత చెప్పిందో!

తన బొమ్మలు పట్టుకుని ఆమె హైదరాబాద్ కూడా వచ్చింది. నవాబు సాలార్ జంగ్ వాటిని కొనకుండా తిప్పి పంపాడు. మైసూరు మహారాజు ఆమె బొమ్మలను కాదని రవివర్మ బొమ్మలనే ఎంచుకున్నాడు. ఇవాళ అదే పేరున్న సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్ళిన ప్రతివాడూ ఆగి చూసేది ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెన్జోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. రాతిలోంచి పలచటి మేలిముసుగు, దాని వెనక ముఖం. ఆ పనితనానికి చెయ్యెత్తి నమస్కరించాల్సిందే, నేనూ నమస్కరిస్తాను. కానీ ఆ బొమ్మ ముందు నిలబడి మనం అనే మాట ఒక్కటే: “రాయి గుడ్డలా ఎలా కనిపిస్తోంది!” ఆ ఆశ్చర్యం దగ్గరే ఆగిపోతాం. రెబెక్కా ఎవరో, ఆమె మనసులో ఏముందో అడగం. షేర్‌గిల్ బొమ్మ ముందు ఆ ఆశ్చర్యం దొరకదు, అందుకే ఆమె మనుషుల దగ్గరికి నేరుగా వెళ్ళాల్సి వస్తుంది. అప్పుడు హైదరాబాద్‌లోనే ఉండిపోవలసిన బొమ్మలు పనితనమే కళ అనుకున్న అభిరుచి వల్ల చేజారాయి. ఈ అభిప్రాయం వల్ల నష్టమేముంది, ఎవరిష్టం వాళ్ళది కదా అనేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కొన్నిసార్లు నియమాన్ని వదలడం ఎంపిక కూడా కాదు, నీతి. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. కలకత్తా వీధుల్లో శవాలు. అప్పటికి బెంగాల్ చిత్రకారుల వాష్ పద్ధతి నీటిరంగుల్లో మెత్తగా, కలలా ఉండేది. ఆ పద్ధతిలో ఆకలి శవాన్ని వేస్తే శవం కూడా అందంగా వస్తుంది. జైనుల్ అబెదిన్ చవక ప్యాకింగ్ కాగితం తీసుకుని, బొగ్గుతో తనే సిరా చేసుకుని, బరకగా నాలుగు నల్లటి దెబ్బల్లో తల్లినీ బిడ్డనూ కాకినీ గీశాడు. చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లా నడిచి తిరిగి తన బొమ్మలతో, మాటలతో ‘హంగ్రీ బెంగాల్’ అనే పుస్తకం తెచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. చెయ్యి తిరగనివాళ్ళ పిచ్చిగీతలే అయితే ప్రభుత్వానికి అంత భయమెందుకు?

అంతకు ఐదేళ్ళ ముందు, 1938లో, శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ ‘సంతాల్ కుటుంబం’ కట్టాడు. కట్టాడనే అనాలి, ఎందుకంటే అది కంచు పోత కాదు, చలువరాతి చెక్కడం కాదు. ఇనుప చట్రం మీద సిమెంటు, ఆ నేలలో దొరికే ఎర్రటి లాటరైట్ కంకర కలిపి చేత్తో మెత్తిన శిల్పం. కావడి మోస్తున్న సంతాల్ మగవాడు, కావడి గంపలో ఒక బిడ్డ, పక్కన తల్లి, వెంట కుక్క. బతుకుదెరువు కోసం ఉన్నదంతా మోసుకుని పోతున్నారు. అప్పటివరకు మన నగరాల కూడళ్ళలో నిలువెత్తు విగ్రహమంటే రాణిగారిది, వైస్రాయిది, గుర్రమెక్కిన దొరది. నున్నటి కంచు, ఎత్తైన పీఠం, తలెత్తి చూడాల్సిన మనిషి. రామ్‌కింకర్ ఆ మూడింటినీ వదిలేశాడు. బరక ఉపరితలం దుమ్ము పట్టిన చర్మమైంది. వాళ్ళు నడిచే నేలే వాళ్ళ శరీరమైంది. పీఠం తక్కువ కాబట్టి వాళ్ళు మనతో సమానంగా నేల మీద నడుస్తున్నారు. ఇదే కుటుంబాన్ని నున్నటి కంచులో పోసి ఎత్తు మీద పెట్టి ఉంటే ఏమయ్యేది? వలస కూలీకి దొర భంగిమ అంటగట్టినట్టయ్యేది. సిమెంటుతో శిల్పమేమిటి అని ముక్కు విరిచినవాళ్ళు ఆ శిల్పంలోని సగం అర్థం సిమెంటులోనే ఉందని చూడలేకపోయారు.

‘గెర్నికా’ గురించి ఎందరో రాశారు, ఒక్క సంగతే చెప్తాను. 1937 ఏప్రిల్ 26న ఆ పేరున్న బాస్క్ పట్టణం మీద బాంబులు కురిశాక పికాసో వేసిన ఆ ఏడున్నర మీటర్లకు పైబడిన బొమ్మలో ఒక్క విమానం కూడా లేదు. బాంబు లేదు, శత్రుసైనికుడు లేడు. రంగు కూడా లేదు. అవన్నీ ఉన్నది ఉన్నట్టు వేసి ఉంటే అది ఒక పట్టణపు ఒక సోమవారం మాత్రమే అయ్యేది. అవి లేవు కాబట్టే 2003 ఫిబ్రవరిలో ఇరాక్ యుద్ధం గురించి అమెరికా విదేశాంగ మంత్రి ఐక్యరాజ్యసమితిలో మాట్లాడిన రోజు, అక్కడి గోడ మీదున్న దాని నేత ప్రతికి నీలం తెర కప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు అరటిపండు సంగతి తెస్తారు. గోడకు టేపుతో అంటించిన అరటిపండు, మౌరిజియో కాటెలాన్‌ది, 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. “ఇదీ మీ ఆధునిక కళ!” అంటారు. ఆ ధరను నేను సమర్థించను. వేలం ధర కొన్నవాడి దగ్గర ఎంత డబ్బుందో చెప్తుంది, బొమ్మలో ఏముందో చెప్పదు. దాన్ని సాక్ష్యంగా తీసుకుంటే షేర్‌గిల్ బతికుండగా కొన్నవాళ్ళు కొద్దిమందే కాబట్టి ఆమె చిన్న చిత్రకారిణి అనాల్సి వస్తుంది. ఇక నియమం తప్పిందన్న ఒక్క కారణానికే ఏ పనినైనా గొప్పదనే గ్యాలరీల వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. నియమం తప్పినందుకే తిట్టేవాళ్ళూ అందుకే పొగిడేవాళ్ళూ ఇద్దరూ బొమ్మను చూడటం మానేశారు. నేను అడిగేది ఒకటే: నియమాన్ని పాటిస్తే చెప్పలేని దేన్ని ఇది చెప్పింది? ఏమీ లేదని తేలితే పేరెంత పెద్దదైనా పక్కన పెట్టవచ్చు.

ఈ ప్రశ్నే మన చిత్రకారులకూ వర్తిస్తుంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో పల్లె అంటే పచ్చిక, ప్రశాంతత కాదు. మేకలు, మనుషులు, చెట్లు ఒకే కోరికతో పెనవేసుకుని ఉంటారు. పల్లెను పవిత్రం చేసి దూరం పెట్టిన పట్టణపు చూపుకు అది దెబ్బ. తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలు, పెద్ద బొట్టు, ముదురు ఒళ్ళు, చదునుగా పరిచిన ఎరుపూ పసుపూ, క్యాలెండరు అందానికి అలవాటుపడ్డ కంటికి మొదట అందగత్తెలు కారు. ఇవాళ అవుతున్నారు. మన కన్ను మారింది, మార్చింది ఆ బొమ్మలు. అయితే ఆ బొట్టును, ఆ పక్కచూపును నకలు కొట్టి హోటల్ లాబీలకు అమ్మేవాళ్ళు ఎందరో బయల్దేరారు. ఆ నకళ్ళు ఏ నియమాన్నీ తెంచవు, కొత్త నియమానికి లొంగిపోతాయి. వాటిని ఆధునికం అనడం నాకు అంగీకారం కాదు.

చివరి అభ్యంతరం సామాన్యుడి పేరు మీద వస్తుంది. “ఇదంతా వివరించి చెప్తే తప్ప సామాన్యుడికి అర్థం కాదు.” చేర్యాల పటం ఎదుట కూర్చున్న శ్రోతలు ఎవరు? చేతిపనులు చేసుకుని బతికే కులాలవాళ్ళు. ఎర్ర ఆకాశాన్ని, ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ కనిపించడాన్ని వాళ్ళు ఇబ్బంది లేకుండా చదువుకున్నారు. వాళ్ళకు కథకుడు పక్కనే ఉండి చెప్పాడు నిజమే. భాష అయినా, రాగమైనా, బొమ్మయినా ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్తేనే వస్తుంది. చెప్పే బాధ్యత మనం తీసుకోకుండా, అర్థం చేసుకునే శక్తి సామాన్యుడికి లేదనడం అతన్ని అవమానించడం.

ఈ అభిప్రాయం ఎక్కువగా గాయపరిచేది పిల్లల్ని. ఐదారేళ్ళ పిల్ల ఇల్లు వేస్తుంది. గోడ ఉంటుంది, గోడలోంచి లోపల అన్నం వండుతున్న అమ్మ కూడా కనిపిస్తుంది. అమ్మ ఇంటికన్నా పెద్దదిగా ఉంటుంది. “గోడలోంచి మనుషులు కనిపిస్తారా?” అని టీచరు కొట్టేసి, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన కొబ్బరిచెట్టు నేర్పిస్తారు. మన బడుల్లో తరాలుగా అదే కొండ, అదే సూర్యుడు. పోటీల్లో బహుమతులూ దానికే. ఆ పిల్ల చేసినది తప్పు కాదు. ఇంట్లో ఎవరు ముఖ్యమో, గోడ వెనక ఏం జరుగుతోందో చెప్పడానికి తనకు తెలిసిన ఒకే దారి పట్టింది, నకాషీ చిత్రకారుడు పట్టిన దారే అది. డ్రాయింగ్ టీచర్లందరికీ నా విన్నపం: ఎర్రసిరా పెన్ను తీసే ముందు, అమ్మ ఎందుకు ఇంత పెద్దగా ఉందో ఆ పిల్లనే అడగండి. అది చెప్పేది పూర్తిగా విన్నాక కూడా దిద్దాలనిపిస్తే అప్పుడు దిద్దండి.